కుక్కల పిల్లుల కడుపులోని నట్టలు

మన దేశమున కుక్క లేని వీధియు, పిల్లి త్రొక్కని వంటయిల్లును అరుదు. కొందఱు ప్రీతితో పెంచుదురు; కొందఱు పెంచకయే వానికి అన్నము పెట్టుదురు; మఱికొందఱు పెట్టకున్నను అవియే వచ్చి తినిపోవును. ఎట్లయినను ఈ రెండు జంతువులును మనతో కలిసి యొకే కప్పు క్రింద, ఒకే ముంగిట జీవించుచున్నవి. ఇట్లు మనతో కలిసి జీవించువాని కడుపులో నేమి యున్నదో తెలిసికొనుట అసహ్యముగ దోచవచ్చును గాని యనవసరము మాత్రము గాదు. గొఱ్ఱెల కాపరులు తమ మందలకు నట్టల మందు పోయుట యెఱుగుదురు. కుక్కకును పిల్లికిని అట్టి మందు కావలయునని తలచువారు మాత్రము మిక్కిలి తక్కువ. ఆ కొఱతను కొంతవఱకు తీర్పవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గడచిన వర్షాకాలమున మా వసతిగృహము వెనుకనున్న కట్టెల కొట్టములో ఒక వీధికుక్క ఆఱు పిల్లలను పెట్టినది. చిన్న తరగతుల బాలురు తమ పాలలో కొంత మిగిల్చి తల్లికి పోయుచుండిరి, గోనెసంచులు పఱచిరి, ఒక్కొక్క కూనకు ఒక్కొక్క పేరు పెట్టిరి. రెండు వారములు అవి బాగుగనే పెరిగినవి. తరువాత వాని పొట్టలు మద్దెలలవలె ఉబ్బినవి, ప్రక్కటెముకలు బయటపడినవి, బొచ్చున మెఱుగు పోయినది. నెల తిరుగకమునుపే నాలుగు చనిపోయినవి. దిష్టి తగిలినదని యొకరు, పాలు సరిపడలేదని వంటమనిషి, చలి సోకినదని మఱియొకరు చెప్పిరి. ఐదవ కూన యొకనాటి యుదయమున వాంతి చేసికొనగా, అందు సేమియావలె తెల్లగ పొడవుగ నున్న పురుగులు చుట్టలు చుట్టుకొని కదలుచుండుట బాలురు కన్నులార చూచిరి. వెంటనే పశువైద్యశాలకు మోసికొనిపోయిరి. అచ్చటి వైద్యుడు మిగిలిన రెండు కూనలకును తల్లికిని మందు పోసి, రెండు వారముల తరువాత మరల తెమ్మనెను. ఆ రెండును నేడు మా యావరణమునకు కావలి కాయుచున్నవి. చనిపోయిన నాలుగింటినిగూర్చి బాలురు మమ్మడిగిన ప్రశ్న యొక్కటే: "అవి పుట్టి నెల కాలేదు, వీధిలో తిరుగలేదు, పాలు తప్ప మఱేమియు తినలేదు. వాని కడుపులోనికి పురుగు లెట్లు వచ్చినవి?" ఇది చాల మంచి ప్రశ్న. దీనికి సమాధానము తెలిసినచో మిగిలిన విషయము సగము తెలిసినట్లే.

కుక్క కడుపున నుండు ఏలికపామును శాస్త్రజ్ఞులు టాక్సోకారా కేనిస్ అని పిలుతురు. ఆడపురుగు 18 సెంటీమీటర్ల వఱకు, అనగా జానెడుకు కొంచెము తక్కువగ, పెరుగును. అది చిన్నప్రేగులలో నివసించి దినదినమును వేలకొలది గ్రుడ్లను పెట్టును. ఆ గ్రుడ్లు కంటికి కానరావు. కుక్క మలముతోపాటు అవి నేల చేరును. చేరిన యా క్షణముననే అవి యెవరికిని హాని చేయజాలవు. తేమయు వెచ్చదనమును గల మంటిలో సుమారు 2 మొదలు 4 వారములుండి, లోపల పిల్లపురుగు తయారైన పిదపనే వానికి అంటుకొను శక్తి కలుగును. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొన ప్రార్థన. ముందు మరల దీని యవసరము కలుగును. తయారైన గ్రుడ్డును మఱియొక కుక్క మంటితో, నీటితో, లేక తన యొడలు నాకుకొనుచు మ్రింగినచో, ప్రేగులలో గ్రుడ్డు పగిలి పిల్లపురుగు బయటపడి, ప్రేగుగోడను తొలిచి నెత్తురులో ప్రవేశించి, కాలేయమును దాటి ఊపిరితిత్తులకు పోవును. చిన్న కూనయైనచో అచ్చటినుండి దగ్గుతో గొంతులోనికి వచ్చి మరల మ్రింగబడి ప్రేగులు చేరి పెద్దదగును. కూనలు దగ్గుట కేవలము చలివలన గాదని దీనివలన తెలియుచున్నది.

పెద్ద కుక్కయందు జరుగునది వేఱు. పిల్లపురుగులలో పెక్కు ప్రేగులకు తిరిగి రాక, కండలయందును ఇతరావయవములయందును చేరి, నిద్రించునట్లు కదలక నెలలకొలది, ఏండ్లకొలది పడియుండును. కుక్క పైకి ఆరోగ్యముగనే కనబడును. మలమును పరీక్షించినను ఏమియు దొరకదు. అది ఆడుకుక్కయై చూడి కట్టినప్పుడు, సుమారు ఆఱు వారములు నిండిన పిమ్మట, ఆ నిద్రించుచున్న పురుగులు మేల్కొనును. మావిని దాటి గర్భములోని పిల్లల దేహములు చొచ్చును. కొన్ని పాలతో కూడ వెలువడును. కాబట్టి మన కొట్టములోని కూనలు నేల నాకనక్కఱలేదు. అవి పురుగులతోనే పుట్టినవి. పుట్టిన మూడు వారములకే ఆ కూనల మలమునందు గ్రుడ్లు వెలువడ మొదలిడును. బాలురు ఎత్తి ముద్దాడెడి వయస్సు సరిగ నదియే.

పిల్లియందుండు ఏలికపాము దీని చెల్లెలివంటిది. అది గర్భములోనికి పోదు గాని తల్లిపాలలో వచ్చును. మఱియు ఎలుక, బల్లి, బొద్దింక మొదలగు వాని దేహములలో ఈ పిల్లపురుగులు నిద్రించుచుండును గాన, వానిని పట్టి తిను పిల్లికి మంటితో పనిలేకయే పురుగులు చేరును. ఎలుకలు పట్టుటకే పిల్లిని పెంచువారు ఎలుకకు వెలయేమో యిక్కడ చూచుకొనవలెను.

కొంకిపురుగు కథ యింతకంటె క్రూరమైనది. ఇది ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు మాత్రమే గలది. కాని నోట పండ్లుండును. వానితో ప్రేగుగోడను కొఱికి పట్టుకొని నెత్తురు త్రాగును. కుక్క కొంకిపురుగు ఒక్కొక్కటి దినమునకు పదియవవంతు మిల్లీలీటరు వఱకు నెత్తురును వ్యయపఱుపగలదు. ఇది చాల స్వల్పమని తోచును. లెక్క వేయుడు: ఒక కిలో బరువుగల కుక్కపిల్ల దేహమున నున్న నెత్తురు సుమారు 80 మొదలు 90 మిల్లీలీటర్లు. దాని కడుపులో నూఱు పురుగులున్నచో దినమునకు 10 మిల్లీలీటర్లు! చిగుళ్లు పాలిపోవుట, మలము తారువలె నల్లబడుట, కూన లేవలేక పడియుండుట దీని గుఱుతులు. ఇట్టి స్థితిలో నొక దినము ఆలస్యమైనను ప్రాణము దక్కకపోవచ్చును. ఈ పురుగు పిల్లలకు పాలతోను సంక్రమించును. నేలనుండి చర్మమును దొలిచియు లోపలికి పోవును.

చర్మమును దొలుచునను సంగతి బయటపడిన విధము చెప్పదగియున్నది. 1890 దశకములో ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కైరో నగరమున మనుష్యుల కొంకిపురుగును పరిశోధించుచుండెను. పిల్లపురుగులున్న నీటిని గినీపందుల నోటిలో చుక్కలుగ వేయుచుండగా నొక చుక్క ఆయన చేతిపై పడెను. కొలది నిమిషములలో ఆ చోట మంట పుట్టి యెఱ్ఱబడెను. కొన్ని వారముల తరువాత తన మలమును పరీక్షించుకొనగా కొంకిపురుగు గ్రుడ్లు కనబడెను. 1898లో ఆయన దీనిని ప్రకటించినప్పుడు నమ్మినవారు కొందఱే. నేడది యెల్లరు నంగీకరించిన సత్యము. పాదరక్షలు లేక నడచుట వలని ముప్పు ఆ యొక్క చుక్కవలన లోకమునకు తెలిసినది.

కుక్కపిల్లుల కొంకిపురుగులు మనుష్యుని చర్మమున ప్రవేశించినచో సామాన్యముగ లోపలికి పోజాలక, చర్మము క్రిందనే దారి తప్పి దినమున కొంత చొప్పున ప్రాకుచు, ఎఱ్ఱని వంకర గీతలు గీయును. దురద దుర్భరముగ నుండును. సముద్రతీరపు ఇసుకలో కూర్చుండువారికిని, ఇండ్లు కట్టుటకై పోసిన ఇసుక కుప్పలలో ఆడుకొను పిల్లలకును ఇది కలుగుచుండును. పిల్లులు ఆ కుప్పలనే తమ మలవిసర్జనమునకు ఎన్నుకొనునని వేఱుగ చెప్పనక్కఱలేదు. వీనిలో సింహళ ద్వీపము పేరు పెట్టబడిన యొక జాతి, 1911లో లూస్ వర్ణించినది, మనుష్యుని ప్రేగులలోనే పెద్దదై నివసింపగలదు. ఆసియా ఖండమున పలుచోట్ల నిది కలదు.

ఇక బద్దెపురుగులు. పెంపుడు కుక్క తోక క్రింద గాని, అది పడుకొనిన గోనెపై గాని దోసగింజలవంటి చిన్న తెల్లని తునుకలు కదలుచు, ఎండిన పిమ్మట బియ్యపుగింజలవలె కనబడుట పెక్కుమంది చూచియుందురు. అవి బద్దెపురుగు తునుకలు. ఈ పురుగు నేలనుండి నేరుగ రాదు. బొచ్చులో గంతులు వేయు సన్నని నల్లని పురుగులు కలవు గదా, ఇంగ్లీషువారు ఫ్లీ అందురు, మనవారు తఱచుగ పిడుదులలోనే జమకట్టుదురు. ఆ ఫ్లీ పురుగు పిల్లగా నున్నప్పుడు బద్దెపురుగు గ్రుడ్లను తినును. పెద్దదై కుక్కను కుట్టినప్పుడు కుక్క కఱచి దానిని మ్రింగును. అంతట బద్దెపురుగు కుక్క ప్రేగులలో పెరుగును. కావున ఫ్లీ పురుగులను పోగొట్టక బద్దెపురుగునకు మందు వేయుట చిల్లు కుండలో నీరు పోయుటయే. చిన్నపిల్లలు కుక్కతో నాడుచు ఫ్లీ పురుగును మ్రింగినచో వారికిని ఇది రావచ్చును గాని, అంత ప్రమాదకరము గాదు.

ప్రమాదకరమైన బద్దెపురుగు వేఱొకటి యున్నది. అది నువ్వుగింజకంటె కొంచెమే పొడవు; కుక్క ప్రేగులలో వేలకొలది యున్నను కుక్కకు బాధ లేదు. దాని గ్రుడ్లను గొఱ్ఱెగాని మేకగాని మేతతో మ్రింగినప్పుడు కాలేయమునను ఊపిరితిత్తులలోను నీటి తిత్తులు పుట్టును. ఆ తిత్తులున్న భాగములను కుక్క తినినచో చక్రము పూర్తియగును. మనుష్యుడు గొఱ్ఱెకు బదులుగ ఆ గ్రుడ్లను మ్రింగినచో వాని దేహములోను అట్టి తిత్తులే పుట్టి, ఏండ్ల తరబడి మెల్లమెల్లగ పెరిగి, కొబ్బరికాయంత యైనను కావచ్చును. తీసివేయుటకు శస్త్రచికిత్స కావలసియుండును. ఏలికపాము గ్రుడ్లవలె గాక ఈ గ్రుడ్లు మలముతో వెలువడిన క్షణమునుండియే అంటుకొనగలవు. కుక్క బొచ్చుకును అంటియుండును. గొఱ్ఱెల పెంపకము విశేషముగ గల కర్నూలు ప్రాంతమున నీ వ్యాధి యెక్కువయని వైద్యులు వ్రాసియున్నారు. కబేళాల యొద్దను కసాయి యంగళ్ల యొద్దను పాఱవేసిన కాలేయపు ముక్కలకై కుక్కలు కాచుకొనియుండుట చూచినవారికి ఇందులో వింత తోపదు.

ఐస్‌లాండు ద్వీపమున జరిగినది యిచ్చట చెప్పక విడువరాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ ద్వీపవాసులకు గొఱ్ఱెలే జీవనము, ప్రతియింటను కుక్కలు, తిత్తి వ్యాధి ప్రపంచమున మఱెచ్చటను లేనంతగ నుండెను. 1863లో హరాల్డ్ క్రాబె అను డేనిష్ పండితుడు అచ్చటికి పోయి 100 కుక్కల కడుపులను కోసి పరీక్షింపగా 28 కుక్కలలో ఈ పురుగు దొరకెను. ఆయన వ్యాధి యెట్లు వచ్చునో, ఎట్లు తప్పించుకొనవలెనో తెలుపు చిన్న పుస్తకమును వ్రాయగా, 1864లో దానిని ఇంటింటికి ఉచితముగ పంచిరి. దీర్ఘమైన శీతకాలపు రాత్రులందు చదువుకొనుట ఆ దేశస్థుల కలవాటు. 1869 మొదలు కుక్కలకు మందు వేయుటకును, గొఱ్ఱెల తిత్తులను నాశనము చేయుటకును చట్టములు వచ్చినవి. రాజధానియైన రేక్యావిక్ పట్టణమున 1924లో కుక్కలను పెంచుటయే నిషేధించి, 1984 వఱకు ఆ నిషేధమును సడలింపలేదు! నేడా దేశమున ఆ పురుగు లేదు. చట్టముకంటె ముందు పుస్తకము వచ్చినదనుట ఉపాధ్యాయులకు నచ్చెడి సంగతి. కుక్కలను నిషేధించుట మాత్రము మాకంత నచ్చదు.

కొరడాపురుగు అనునది యింకొకటి కలదు. అది పెద్ద కుక్కల పెద్దప్రేగులలో నుండి రక్తపు విరేచనములు కలిగించును. దానినిగూర్చి యింత చాలును.

తల్లిదండ్రులు ముఖ్యముగ వినదగినది బిడ్డల విషయము. 1950లో అమెరికా దేశమున హెలెనార్ వైల్డర్ అను శాస్త్రజ్ఞురాలు, వ్యాధివశమున తొలగింపబడిన పిల్లల కన్నులు 46 తీసికొని పొరపొరగ కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. వానిలో పెక్కింటిని లోపల గడ్డ పెరిగినదను భయమున తీసివేసియుండిరి. 24 కన్నులలో ఆమెకు కనబడినది గడ్డ గాదు, చిన్న పురుగు. అది కుక్క యేలికపాము పిల్లయని 1956లో స్థిరపడెను. 1952లో న్యూ ఆర్లియన్స్ పట్టణమున పాల్ బీవర్ అను పండితుడును ఆయన సహచరులును, కాలేయము వాచి, నెత్తురులో నొక జాతి తెల్లకణములు విపరీతముగ పెరిగిన బిడ్డల దేహములలో నదే పురుగును కనుగొనిరి. మనుష్యుని దేహమున ఈ పురుగు పెద్దది కాజాలదు. దారి తెలియక కాలేయమునను, ఊపిరితిత్తులలోను, ఒక్కొక్కప్పుడు కంటిలోను తిరుగాడును. కంటిలో చేరినచో చూపు పోవచ్చును. తఱచుగ ఒక కంటికే యగుటచేత బిడ్డ చెప్పదు, తల్లికి తెలియదు. మెల్లకన్ను పడినప్పుడో, బడిలో నల్లబల్ల కనబడనప్పుడో బయటపడును. మన్ను తిను అలవాటు గల చిన్నబిడ్డలకు ఈ భయము హెచ్చు.

ఇది విని, అట్లయిన కుక్కలను వెడలగొట్టుడని చెప్పు పెద్దలు కొందఱు కలరు. మే మట్లు తలపము. ఇంతకుముందు గుర్తుంచుకొనుడని చెప్పిన సంగతిని ఇప్పుడు తలచుకొనుడు: ఏలికపాము గ్రుడ్డు పాకమునకు వచ్చుటకు కనీసము రెండు వారములు పట్టును. నేటి మలమును నేడే తీసివేసినచో నేల చెడదు. వెడలగొట్టిన కుక్క వీధికి పోయి, మందు లేక, ఎత్తువారు లేక, అదే నేలపై మలవిసర్జనము చేయును. ఇంట నుండి మందు తిను కుక్కకంటె వెడలగొట్టబడిన కుక్కయే పిల్లలకు ప్రమాదము.

మందుల విషయమున పూర్వులు ఊరకుండలేదు. వక్క పొడిని బద్దెపురుగులు పడుటకై కుక్కలకు పెట్టుట తూర్పుదేశములనుండి పశ్చిమదేశములకును ప్రాకిన చికిత్స. కాని మోతాదు మీఱిన వాంతులు, మూర్ఛ కలుగును. 1921లో మారిస్ హాల్ అను అమెరికా పశువైద్యుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ అను ద్రవము కుక్కల కొంకిపురుగులను చంపునని కనుగొని, మనుష్యులకును పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు తానే 3 మిల్లీలీటర్లు త్రాగెను! ఆయనకేమియు కాలేదు గాని, తరువాత నది కాలేయమును చెఱచునని తేలుటచే విడిచిపెట్టిరి. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో 1947లో హెట్రజాన్ వెలువడినది. అది ముఖ్యముగ బోదకాలు పురుగులకు మందు. కాని అదే రసాయనమును పెక్కేండ్లు కుక్కలలో గుండెపురుగును నివారించుటకును, ఏలికపాములను తగ్గించుటకును వాడిరి. 1966లో పిరాంటెల్, 1970 దశకములో ఫెన్‌బెండజోల్, ప్రాజిక్వాంటెల్ వచ్చిన పిమ్మట చికిత్స సులభమైనది. మొదటిది ఏలికపాములకును కొంకిపురుగులకును, రెండవది వానితోపాటు కొరడాపురుగునకును, మూడవది బద్దెపురుగులకును పనిచేయును. ఫెన్‌బెండజోల్ కిలో బరువునకు 50 మిల్లీగ్రాముల వంతున వరుసగ మూడు దినములు, ప్రాజిక్వాంటెల్ కుక్కకు కిలోకు 5 మిల్లీగ్రాములు ఒక్కమాఱు ఇచ్చుట వాడుక. ఏ పురుగునకు ఏ మందో నిర్ణయించుట పశువైద్యుని పని.

కాలనియమమే యిందు ప్రధానము. కుక్కపిల్లకు రెండు వారముల వయస్సునను, పిల్లికూనకు మూడు వారముల వయస్సునను మొదటి మందు పడవలెను. తరువాత పాలు మఱచిన రెండు వారముల వఱకు రెండేసి వారములకు, ఆపైన ఆఱు నెలలు నిండువఱకు నెలకొకమాఱు, పెద్దవానికి మూడు నెలలకొకమాఱు ఇచ్చుట మంచిది. తల్లికి కూనలతోపాటే పోయవలెను. ఒక్కమాఱు మందు పడి పురుగులు కనబడకున్నచో పని తీరినదని తలచుట తగదు. ఊపిరితిత్తులలో ప్రయాణములో నున్న పురుగులు మందుకు లోబడక, పది పదునైదు దినములలో ప్రేగులు చేరును. రెండవ మోతాదు వానికొఱకే. పచ్చికాలేయములు తిను కుక్కలున్న చోట ప్రాజిక్వాంటెల్‌ను ఆఱు వారములకొకమాఱు ఇచ్చుట క్షేమము.

ఇంటి వైద్యములనుగూర్చి రెండు మాటలు. వెల్లుల్లి పురుగులను చంపునని పెక్కురు నమ్మి తినిపించుచున్నారు. వెల్లుల్లియు నుల్లియు కుక్కల యొక్కయు, అంతకంటె హెచ్చుగ పిల్లుల యొక్కయు నెత్తురు కణములను పగులగొట్టును. కొంకిపురుగు త్రాగగా మిగిలిన నెత్తురును మనము చెఱచుట యేల? కిరసనాయిలు, పొగాకు కషాయము విషములే. కుక్కల ఫ్లీ పురుగులకై అమ్ము పెర్మెత్రిన్ మందును పిల్లికి రాచినచో పిల్లి చచ్చును. మనుష్యుల జ్వరపు బిళ్ల పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకము. పశువుల ఐవర్‌మెక్టిన్ సూదిమందును అంచనాగ కుక్కలకు వేయుటయు కలదు. కోలీ మొదలగు కొన్ని జాతులకు అది మెదడున విషమగును.

నేలను శుద్ధి చేయుట మందుకంటె కష్టము. ఏలికపాము గ్రుడ్డు చిప్ప మందము. ఫినాయిలు మొదలగునవి దానిని చంపజాలవు. ఏండ్లకొలది మంటిలో బ్రతుకును. మరగిన నీరును నిప్పును మాత్రమే దానిని జయించును. కొంకిపురుగు పిల్ల అంత గట్టిది కాదు. నీడయు తేమయు గల నేలలోనే బ్రతికి, ఎండిన నేలమీద చచ్చును. కావున కుక్క పడుకొను చోటు సిమెంటుతోగాని నాపరాళ్లతోగాని చదునుచేసి, మలమును దినదినము పారతో నెత్తి లోతైన గుంటలో పూడ్చి, ఎండ తగులునట్లు చేయవలెను. ఆ మలమును కూరపాదులకు ఎరువుగ వేయరాదు. ఇసుక కుప్పలపై గోనెపట్టా కప్పవలెను. వీధికుక్క మలమును ఎవరెత్తవలెనను తగవు మా యావరణమున కొంతకాలము నడచినది. తుదకు పై తరగతి బాలురు వంతులు వేసికొనిరి. పాలుమాలక జరుగుచున్నది.

విజ్ఞానశాల గల పాఠశాలలలో పై తరగతులవారు ఉపాధ్యాయుని యెదుట, చేదొడుగులు తొడిగికొని, ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఉప్పు ఇక కరగనంతవఱకు నీటిలో కరగించిన ద్రావణము సాంద్రత నీటికంటె సుమారు అయిదవవంతు హెచ్చు. శనగగింజంత మలమును అందులో కలిపి, వడపోసి, చిన్న గాజు గొట్టమున అంచువఱకు నింపి, పైన పలుచని గాజుబిళ్ల నుంచి పావుగంట ఆగినచో, ఆ ద్రావణముకంటె తేలికయైన గ్రుడ్లు పైకి తేలి బిళ్లకు అంటుకొనును. సూక్ష్మదర్శినిలో ఏలికపాము గ్రుడ్డు గుండ్రముగ, నల్లగ, మందపు చిప్పతోను, కొంకిపురుగు గ్రుడ్డు కోలగ, పలుచగ, లోపల కొన్ని కణములతోను కనబడును. బద్దెపురుగు ఈ పరీక్షలో తఱచుగ తప్పించుకొనును. దానిని తోక క్రిందనే వెదకవలెను. మలము తాజాగ నుండవలెను. పని ముగియగనే బల్లను మరగు నీటితో కడుగవలెను.

మోతాదు బరువునుబట్టి యుండును గాన ముందుగ బరువు తెలియవలెను. కూనను ఎత్తుకొని త్రాసుపై నిలిచి, తరువాత వట్టిగ నిలిచి, రెండింటి భేదమును వ్రాసికొనుడు. నీళ్ల మందైనచో సూది తీసివేసిన పిచికారీతో బుగ్గ ప్రక్కనుండి కొంచెము కొంచెముగ పోయవలెను. తల వెనుకకు వంచి గొంతులోనికి గ్రుమ్మరించినచో ఊపిరితిత్తులలోనికి పోవును. కుక్కకు బిళ్లను ఇడ్లీ ముక్కలో పెట్టిన తెలియక మ్రింగును. పిల్లి యట్లు మోసపోదు. ఇడ్లీ తిని బిళ్లను ఉమియును. దానిని తువాలులో కాళ్లతో సహా చుట్టి, ఒకరు పట్టుకొనగా, మఱియొకరు దవడ తెఱచి నాలుక మొదట బిళ్లనుంచి, నోరు మూసి గొంతు నిమురవలెను. వెంటనే కొంచెము నీరు పోసిన బిళ్ల గొంతున చిక్కుకొనదు. మఱునాడు వెలువడు పురుగులను కాల్చివేసి, చేతులు సబ్బుతో కడుగుకొని, రెండవ మోతాదు తేదీని గోడ క్యాలెండరుపై అప్పుడే వ్రాసియుంచవలెను.